తెల్లరంగు కింది ముఖం

నేను ముప్పై నాలుగేళ్లు ఎక్స్‌రేలు తీశాను. మొదటి పదిహేనేళ్లు మనుషులకి, తర్వాతి పంతొమ్మిదేళ్లు బొమ్మలకి. స్క్రీన్ మీద నీడల్ని చూసి ఇది ఫలానా అని చెప్పే ఉద్యోగాల్లోకి వెళ్తున్న పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. అందరి పేర్లూ వదిలేస్తున్నాను. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు ఎవరో తెలిసిపోతుంది. నా పేరు కూడా అందుకే లేదు.

పని నేర్చుకున్నది గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం వల్ల టెక్సస్ వచ్చాం, ప్లేనోలో స్థిరపడ్డాం. ఇక్కడ కొన్నాళ్లు ఆసుపత్రిలో చేశాక, నగరంలోని ఒక ఆర్ట్ మ్యూజియంలో ఎక్స్‌రే టెక్నీషియన్ కావాలంటే వెళ్లాను. బొమ్మలకి ఎక్స్‌రే ఏమిటని నేనూ అనుకున్నాను. పూర్వం చిత్రకారులు ఒక బొమ్మ మీదే ఇంకో బొమ్మ వేసేవారు. సీసంతో చేసిన పాత తెల్లరంగు ఎముకలాగే కిరణాల్ని ఆపుతుంది. అందుకని కింద ఉన్నది కూడా ఫిల్ములో తెల్లగా తేలుతుంది. పద్ధతి అదే, రోగి మాత్రం కదలడు, ఊపిరి బిగబట్టమని చెప్పక్కర్లేదు.

ఒక్క తేడా ఉంది. ఆసుపత్రిలో టెక్నీషియన్ ఫిల్ము తీస్తాడు గానీ చదవడు. రోగి బంధువులు ఎంత బతిమాలినా "డాక్టరుగారు చెబుతారు" అనాలి. మ్యూజియంలో డాక్టరు లేడు. ఫిల్ముని నేనూ, దెబ్బతిన్న బొమ్మల్ని బాగుచేసే కన్సర్వేటరూ పక్కపక్కన నిలబడి చదివేవాళ్లం. మొదట్లో నాకు అది చాలా గౌరవంగా అనిపించింది.

ఆ కన్సర్వేటర్ వెస్ట్ టెక్సస్ పల్లెల నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను మనసులో పెద్దావిడ అనుకునేవాణ్ణి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నేను పెద్దనని తెలిశాక ఆవిడ నన్ను డీకన్, అంటే చర్చి పెద్ద, అని పిలవడం మొదలుపెట్టింది. తను ఆదివారాలు చర్చికి వెళ్లేది కాదు. "డీకన్, నా కోసం కూడా పాడి రా, నా గొంతు దేవుడికి నచ్చదు" అనేది. కొత్త బొమ్మ వస్తే సగం రోజు దాని ముందు చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని కూర్చునేది. జేబుల్లోంచి చేతులు తీసేదాకా బొమ్మ క్షేమంగా ఉన్నట్టే అని నవ్వేది.

చేరిన రెండో ఏడు ఒకసారి నా ఫిల్ము పెట్టె మూల తగిలి ఒక పాత ఫ్రేము మీది బంగారు పూత బియ్యపు గింజంత లేచిపోయింది. ఎవరూ చూడలేదు. నేనే వెళ్లి చెప్పాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, "ఈ బిల్డింగులో ఇలాంటిది చెప్పిన మొదటి మనిషివి" అంది. అప్పటి నుంచి నేను ఏది చెప్పినా ఆవిడ రెండోసారి అడిగేది కాదు. కొత్తవాళ్లతో "డీకన్ చెప్పాడా, అయితే రాసేసుకో" అనేది. నేను మోయలేనంత పెద్ద మాట అది. కానీ వినడానికి చాలా బాగుండేది.

రిటైరవడానికి అయిదేళ్ల ముందు ఒక తెలుగు అమ్మాయి క్యూరేటర్‌గా వచ్చింది. ఏ బొమ్మ ఎవరిది, ఎప్పటిది, ఎందుకు వేశారు అన్నది తేల్చి ప్రదర్శనలు పెట్టే పని. అమెరికాలోనే, ప్లెయిన్స్‌బరోలో పుట్టి పెరిగింది. లిఫ్ట్‌లో నా బ్యాడ్జి చూసి, "మీరు తెలుగు అంకుల్?" అంది.

"అవునమ్మా. నువ్వు?"

"నేను కూడా, సగం సగం. మా అమ్మ నేను ఏం జాబ్ చేస్తానో ఎవరికీ చెప్పదు అంకుల్. మ్యూజియంలో డేటా చూస్తుంది అని చెప్తుంది. డేటా అంటే ఎవరూ మళ్లీ అడగరు కదా."

ఆ అమ్మాయి పదేళ్లుగా ఒకే చిత్రకారుడి మీద పనిచేస్తోంది, ఆయన గురించి పుస్తకం రాస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు తూర్పు ఐరోపాలో ఒక చిన్న ఊళ్లో ఏడెనిమిది మంది కలిసి, బొమ్మలో మనిషీ చెట్టూ ఇల్లూ ఏదీ ఉండనక్కర్లేదని, రంగూ గీతా చాలని తీర్మానించుకున్నారట. అలాంటి గుంపులు అప్పుడు అక్కడక్కడా పుట్టాయి. ఈ గుంపులో ముఖ్యుడు ఈయన. ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం నన్ను గ్యాలరీలో నడిపిస్తూ ఆయన జీవితమంతా చూపించింది. కుర్రతనంలో చర్చి గోపురాలు, బట్టలుతికే ఆడవాళ్లు, గోడలకి పటాలు. తర్వాత ముఖాలు. ముఖాలు మెల్లగా పలకలు పలకలుగా విరిగాయి. పలకల్లో కళ్లు మాత్రం మిగిలాయి. ఆ తర్వాతి గదిలోకి వెళ్తే ఒక్కసారిగా తెల్లటి కాన్వాసులు. తెలుపు మీద ఒక బూడిదరంగు పట్టీ, ఎక్కడో రెండు ఎర్ర చదరాలు. అంతే.

"మధ్యలో ఒక వింటర్ మిస్సింగ్ అంకుల్," అంది ఆ అమ్మాయి. "ముఖాల నుంచి ఈ వైట్‌కి ఎలా వచ్చాడో చూపించే పెయింటింగ్ ఒక్కటి కూడా లేదు. ఒక్కసారి జంప్ చేశాడు అని కొందరు అంటారు. నేను అనను. ఎవరూ ముఖాన్ని అంత ఈజీగా వదలరు."

నాకు ఆ తెల్లటి బొమ్మలు నచ్చలేదు. మనిషి లేని చోట దేవుడి పోలిక ఎక్కడుంటుంది అన్నాను.

ఆ అమ్మాయి ఆగింది. "మీ చర్చ్‌లో క్రాస్ ఉంటుంది కదా అంకుల్. దాని మీద మనిషి ఉంటాడా?"

"ఉండడమ్మా. మాది ఖాళీ సిలువ."

"రెండు లైన్లు. అంతే కదా? మీరు వాటిని చూసి ఏడుస్తారు కూడా. అది అబ్‌స్ట్రాక్ట్ కాదా మరి?"

హిందువుల పిల్ల, నా వేలు పట్టుకుని నా సిలువ నాకే చూపించింది. ఆ రోజు నుంచి ఆ తెల్లటి కాన్వాసుల ముందు నిలబడడం మొదలుపెట్టాను. నిలబడడంతో ఆగిపోయి ఉంటే ఈ రాతకి పనుండేది కాదు.

మా మ్యూజియం దగ్గరున్న ఒక తెల్ల కాన్వాసు మీద సంతకం లేదు. ఆయనదే అని కొందరు, ఆయన పాత కాన్వాసు మీద శిష్యుడెవడో తర్వాత వేశాడని కొందరు. ప్రదర్శన పెట్టబోతున్నారు కాబట్టి తేల్చాలని నాకు అప్పగించారు. పన్నెండు ఫిల్ములు తీసి, కంప్యూటర్‌లో అతికించి, లైటు తగ్గించి చూశాను.

ముఖం ఉంది. కోలగా, కాస్త ఒరిగిన ముఖం. లోతైన కళ్లు. గడ్డంలాంటి నీడ. నుదుటి చుట్టూ వెంట్రుకంత సన్నటి తెల్లగీతలు, అడ్డంగా, కోణంగా, ఒకదాని మీద ఒకటి. నాకు ముళ్ల కిరీటం కనబడింది. తలుపు వేసి మోకరించాను. అరవై ఏళ్లు దాటిన మనిషిని, చిన్నప్పటి నుంచి కంఠతా పెట్టిన బైబిల్ వాక్యమంతా ఒక్కసారి ముందుకొచ్చి నిలబడినట్టయింది.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి. కింది బొమ్మ బాగా ఆరి, ఏళ్లు గడిచి పగుళ్లిస్తే, దాని మీద వేసిన కొత్త తెల్లరంగు ఆ పగుళ్లలోకి దిగుతుంది. ఎక్స్‌రేలో అది సన్నటి తెల్లగీతల్లా కనబడుతుంది. అలా ఉంటే కింది బొమ్మకీ పై బొమ్మకీ మధ్య చాలా ఏళ్లు గడిచాయని అర్థం. అంటే పైన ఉన్నది వేరే చేతిదై ఉండొచ్చు. ముఖం మీది ఆ గీతల్ని నేను ఒకేసారి రెండు రకాలుగా చదివాను. కిరీటం అనీ చదివాను, పగుళ్లలో దిగిన రంగు అనీ చదివాను. ఒకే గీత రెండూ అయ్యే వీల్లేదని ఆ గదిలో నాకు తోచలేదు.

పెద్దావిడ వచ్చి చూసింది. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. "ముఖం ఉంది, డీకన్," అంది. "ఇప్పటికి అంతే."

నేను అంతేతో ఆగలేదు. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచి నిలబడ్డాను. మా సంఘంలో అది అలవాటు. వీసా వచ్చినవాళ్లు, ఆపరేషన్ నుంచి బయటపడ్డవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు ముందుకొచ్చి దేవుడు చేసింది చెబుతారు. నేను చెప్పాను. లోకం తెల్లరంగు పూసి కప్పేసినా ప్రభువు ముఖం కింద అలాగే ఉందని, దాన్ని నా కళ్లతో చూశానని చెప్పాను. స్తోత్రం స్తోత్రం అని హాలంతా మోగింది. పాస్టర్‌గారు నా భుజాలు పట్టుకున్నారు. ఆరాధన లైవ్‌లో వెళ్తుందని నాకు తెలుసు. తెలిసినా తట్టలేదు. సాయంత్రానికల్లా నా నాలుగు నిమిషాల సాక్ష్యం డబ్లిన్ నుంచి గుంటూరు దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఎవరో ఇంగ్లీషులో కింద రాత పెట్టారు. బుధవారం మా మ్యూజియం డైరెక్టర్ చేతికి వచ్చింది.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఉత్సాహంగా ఉన్నాడు. పత్రికలవాళ్లు ఫోన్ చేస్తున్నారట. ట్రస్టీల్లో ఇద్దరు భక్తిపరులట. పైది వేరేవాడిదే అయితే దాన్ని తొలగించి కింది ముఖాన్ని బయటికి తీయవచ్చు కదా, ముందు చిన్న కిటికీలాగా తెరిచి చూపించవచ్చు కదా అన్నాడు. ట్రస్టీలు వచ్చే శుక్రవారం వస్తున్నారు.

గదిలో నలుగురం ఉన్నాం: డైరెక్టర్, పెద్దావిడ, ఆ అమ్మాయి, నేను. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. పైది ఆయన చేతే అని, ఎక్స్‌రే ఒక్కదాన్ని బట్టి ఏమీ చేయకూడదని, ముందు రంగు నమూనా తీసి పొరలు చూడాలని అంది. నమూనా అంటే ఆవగింజలో సగం కూడా ఉండదు. దాన్ని నిలువుగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఏ పొర మీద ఏ పొర ఉందో, మధ్యలో ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. బయటి ల్యాబ్‌కి పంపాలి, మూడు వారాలు పడుతుంది.

డైరెక్టర్ నా వైపు తిరిగి, "నమూనా లేకుండా చెప్పగలరా?" అన్నాడు.

"పగుళ్లు స్పష్టంగా ఉన్నాయి," అన్నాను.

ఆ అమ్మాయి తెలుగులోకి మారింది. "అంకుల్, ప్లీజ్. మూడు వారాలే కదా."

నేనూ తెలుగులోనే, మెల్లగా, పెద్దవాడి గొంతుతో అన్నాను. "అమ్మా, నీ పుస్తకం నిలబడాలని నువ్వు అలా చూస్తున్నావు. నేను ఉన్నది చూస్తున్నాను."

"లేదు అంకుల్. మీరు కూడా ఏదో నిలబడాలనే చూస్తున్నారు."

మీరేమంటున్నారని డైరెక్టర్ అడిగాడు. ఇద్దరం చెప్పలేదు.

ఆ సాయంత్రం పెద్దావిడ నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "అవి పగుళ్లేనా, డీకన్?" అంది. ఏదైనా నన్ను రెండోసారి అడగడం ఆవిడకి అదే మొదలు.

"పగుళ్లే."

"నాకు ఆ పిల్ల చెప్పింది కూడా సబబుగానే ఉంది. నువ్వు కాదంటే డైరెక్టర్‌ని నేను చూసుకుంటాను. మూడు వారాలు ఆపిస్తాను. ఆ మాత్రం పలుకుబడి నాకుంది."

అదీ నాకు దొరికిన తలుపు. ఆపండి అంటే చాలు. నేను మాత్రం, "దేవుని ఎదుట చెబుతున్నాను, పగుళ్లే," అన్నాను. ఒట్టు పెట్టుకోకూడదని సండే స్కూల్లో పిల్లలకి నేర్పినవాణ్ణి.

ఆవిడ తల ఊపింది. "సరే అయితే."

శుక్రవారం పొద్దున పదింటికి మొదలుపెట్టాం. బొమ్మని బల్ల మీద పడుకోబెట్టారు. డైరెక్టరూ, ఇద్దరు ట్రస్టీలూ అద్దం అవతల కుర్చీల్లో కూర్చున్నారు. ఆ అమ్మాయి లోపల ఒక మూల నిలబడింది. పెద్దావిడ ముందు అంచు దగ్గర, ముఖం లేని చోట, గోరంత మేర పరీక్ష చేసింది. తెలుపు మెత్తబడి వచ్చింది, కింది పూత గట్టిగా ఉంది. బాగుంది అంది. తర్వాత ముఖం మీద ఎక్కడ తెరవాలని నన్ను అడిగింది. గీతలు ఎక్కడ స్పష్టంగా ఉంటే అక్కడ పొరలు తేలికగా విడివడతాయని ఆవిడ లెక్క. నేను ఫిల్ము చూసి, బొమ్మ మీద గాలిలో వేలు పెట్టి చూపించాను. ఎడమ కన్ను, దాని కింది చెంప.

ఆవిడ అక్కడ అరచేతి మేర రంగుని కరిగించే జెల్ పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, టైమర్ పెట్టింది. ఆ నిమిషాలు నేను ప్రార్థనలో ఉన్నాను. అడిగేది కాదు, అప్పుడే కృతజ్ఞతలు చెప్పే ప్రార్థన.

ప్లాస్టిక్ ఎత్తి, పుల్లకి చుట్టిన దూదిని మెల్లగా దొర్లించింది. తెల్లగా వచ్చింది. రెండో దూది తెల్లగానే. మూడో దూదిలో తెలుపులో కలిసి గులాబీరంగు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఇంకో దూది తీసుకుంది. జెల్‌ని వెంటనే మొత్తం తీసేయాలి, లేకపోతే అది లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆపడానికి వీల్లేని పని అది. త్వరత్వరగా తుడుస్తోంది. గులాబీ, పసుపు మట్టిరంగు, ఆకుపచ్చ, అన్నీ తెలుపుతో సుడులు తిరిగి కలిసే వస్తున్నాయి. మైనం మీద వేసిన బొమ్మ కరిగినట్టు వచ్చింది. తుడవడం అయ్యేసరికి అరచేతి మేర కాన్వాసు నేత కనబడింది. ఉత్త బట్ట. కన్ను లేదు, చెంప లేదు, తెలుపూ లేదు.

అద్దం అవతల ఒక ట్రస్టీ లేచి నిలబడ్డాడు. ఏం కనబడిందని చేత్తో అడుగుతున్నాడు.

పెద్దావిడ చేతిలోని పుల్ల పళ్లెంలో పెట్టింది. "ఇవి రెండు పొరలు కావు," అంది. గొంతులో ఏమీ లేదు.

ఆ అమ్మాయి వచ్చి చిన్న మైక్రోస్కోప్‌ని ఆ గాయం అంచు మీద పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది. "రండి అంకుల్. చూడండి."

చూశాను. అంచు పక్క నుంచి చూస్తే అంతా తెలుస్తోంది. గులాబీరంగులోకి తెలుపు, తెలుపులోకి గులాబీరంగు, తడి మీద తడి. వాటి మధ్య దుమ్ము గీత లేదు, పగులు లేదు. సన్నగా లోతుగా గాట్లు ఉన్నాయి. రంగులు కలిపే కత్తి మొనతో గీకినట్టు.

"ఒకే పూట అంకుల్," అంది ఆ అమ్మాయి. "ముఖం వేశాడు. కత్తితో గీకాడు. ఆరకముందే దాని మీద వైట్ వేశాడు. మీరు పగుళ్లు అన్నారు కదా, అవి ఆయన గీకిన మార్క్స్. ఆయనే. ఆయన చెయ్యే." మైక్రోస్కోప్‌ని పక్కకి జరిపింది. "ఆ వింటర్ ఇదే. పదేళ్లు వెతికాను. నేను రైట్ అని తేలింది. తేలిన ప్లేసే ఇప్పుడు లేదు."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆయన ముఖాన్ని ఈజీగా వదల్లేదు. వేశాడు, చూశాడు, గీకాడు, కప్పాడు. ఆ ముఖం ఎవరిదో ఎవరికీ తెలియదు. ప్రభువుదే కావచ్చు, ఆయన తమ్ముడిది కావచ్చు, అద్దంలో చూసుకుని వేసిన సొంత ముఖం కావచ్చు. మిగిలిన ఒక కన్నుతో, సగం నోటితో ఎవరూ పోల్చలేరు. ఎక్స్‌రే ఫిల్ము ఉంది కదా అంటారు మీరు. ఉంది. ఫిల్ములో తెలుపు తప్ప రంగు ఉండదు. కళ్లు ఏ రంగువో, అది గడ్డమో నీడో చెప్పగలిగిన రంగు పళ్లెంలోని దూది ముక్కల్లో ఉంది.

తర్వాతి వారం విచారణ జరిగింది. పెద్దావిడ నివేదిక రాసింది. చికిత్స నిర్ణయం తనదని, నమూనా తీయకపోవడం తన తప్పని, ఎంత మేర తెరవాలో ఎంచుకున్నది తనేనని రాసింది. నా గురించి ఒక్క వాక్యం ఉంది: ఎక్స్‌రే చిత్రాలు సక్రమంగా తీయబడ్డాయి. అది నిజమే. తీయడంలో తప్పేమీ లేదు.

డైరెక్టర్ తొందర గురించి ఆ కాగితాల్లో ఏమీ లేదు. పెద్దావిడని ముందుగానే రిటైర్ కమ్మన్నారు. ముప్పై ఏళ్లు జేబుల్లో చేతులు పెట్టుకుని కాపాడిన మనిషి పేరు పక్కన, ఆ రంగంలో ఆవిడని తెలిసిన ప్రతివాడి నోటా, ఆ ఒక్క బొమ్మ చేరింది. నేను ఆవిడకి ఫోన్ చేశాను. నిశ్చయంగా చెప్పింది నేనేనని డైరెక్టర్‌కి చెబుతానన్నాను.

"నా కోసమా, నీ కోసమా?" అంది.

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అక్కడ మైక్రోస్కోప్ ఉంది, డీకన్. పది నిమిషాల పని. అంచు మీద పెట్టి నేనే చూసి ఉండొచ్చు. నువ్వు చెప్పావని చూడలేదు. అందులో నీ వాటా నీకు తెలుసు, నా వాటా నాకు తెలుసు. ఇప్పుడు మళ్లీ ఎందుకు తెరవడం."

ఆవిడ వద్దంది కాబట్టి ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది విధేయత అనుకున్నాను. మూడో ఏడు గడిచాక గానీ అది భయమని ఒప్పుకోలేకపోయాను. ఆవిడ వద్దనడానికి ముందే నేను వద్దనిపించుకోవడానికి ఫోన్ చేశాను.

మరో నాలుగేళ్లు పనిచేశాను. ఫిల్ము తీసి, "ఇక్కడ తెల్లగా ఉంది, ఇక్కడ నల్లగా ఉంది" అని మాత్రం చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి నాతో మర్యాదగానే ఉండేది. అంకుల్ అనేది. తెలుగులో మాత్రం మాట్లాడేది కాదు. ప్రదర్శన జరిగింది. ఆ బొమ్మ కూడా పెట్టారు, పోయిన చోట బూడిదరంగు పూత పూసి. అక్కడ ఏముండేదో ఊహించి నింపకూడదన్నది ఆ అమ్మాయి పట్టు.

సంఘంలో నా సాక్ష్యం మాత్రం చావలేదు. ప్రతి గుడ్ ఫ్రైడేకి ఎవరో ఒకరు ఆ వీడియో మళ్లీ పంపేవారు. అలా జరగలేదని చెప్పాలని ఒకసారి పాస్టర్‌గారిని అడిగాను.

"ఎందుకు బ్రదర్," అన్నారు ఆయన. "ఆ సాక్ష్యంతో ఎంతమంది బలపడ్డారో మీకు తెలియదు. బలహీనులు తొట్రుపడతారు. దేవుడు మీ పొరపాటుని కూడా వాడుకున్నాడు."

ఆ మాట నాకు తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నందుకే అది అబద్ధమని తెలిసింది. అయినా మళ్లీ అడగలేదు.

పెద్దావిడ పోయిన చలికాలంలో చనిపోయింది. సమాధి దగ్గర పదిహేను మందిమి ఉన్నాం. మ్యూజియం నుంచి వచ్చింది నేనూ, ఆ అమ్మాయీ. కార్ల దగ్గరికి నడుస్తుంటే ఆ అమ్మాయి చాలా ఏళ్ల తర్వాత తెలుగులో మాట్లాడింది.

"ఆ రోజు ఆంటీ మిమ్మల్ని ఏదో అడిగారు కదా అంకుల్. నేను కారిడార్‌లో ఉన్నాను. విన్నాను."

"విన్నావా?"

"మీరే చెప్తారు అని వెయిట్ చేశాను. ఇన్ని ఇయర్స్."

ఆ వారమే మ్యూజియానికి వెళ్లి ఆ బొమ్మ ఫైల్లో ఒక పేజీ చేర్చాను. ఆవిడ ఆపుతానందని, నేను దేవుని పేరు పెట్టి వద్దన్నానని, చోటు చూపించిన వేలు నాదని రాసి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి చదివి, తేదీ వేసి, ఫైలు మూసింది. థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని కాదు.

ఆదివారం పాస్టర్‌గారిని అడగకుండా సాక్ష్యాల సమయానికి లేచాను. ఫైల్లో రాసిందే చెప్పాను. నేను చూశానని చెప్పింది నేను చూడలేదని, చూడాలనుకున్నానని, ఆ కోరిక కోసం ఒక మంచి మనిషి పేరుని, మళ్లీ రాని ఒక బొమ్మని పాడుచేశానని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమ్మ ఉంది. ఆ వీడియోని తన అక్క చనిపోయేటప్పుడు మంచం పక్కన పెట్టి చూపించానని నాతో ఎన్నోసార్లు చెప్పిన మనిషి. ఆవిడ కూర్చున్న చోటు నుంచే అడిగింది.

"అయితే ఆ బొమ్మలో ప్రభువు లేడా బాబూ?"

"తెలియదమ్మా," అన్నాను. "ఉన్నాడో లేడో తెలుసుకునే దారి నేనే తుడిచేయించాను."

ఆవిడ నా వైపు చూస్తూనే ఉంది. ఇంకేమైనా చెబుతానని. నా దగ్గర ఇంకేమీ లేదు. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.